కాదర్ పెట్టని పేరు

పోయిన శ్రావణంలో ఒక పొద్దున నేను షాపు షట్టరు సగం ఎత్తి లోపల ఊడుస్తుంటే, ముప్పై దాటిన ఒకామె స్కూటీ ఆపి, కాళ్ల దగ్గర పెట్టుకున్న గోనెసంచిని పసిబిడ్డను దించినట్టు దించింది. అందులోంచి నీలిగళ్ల లుంగీలో చుట్టిన మూట తీసి నా బల్ల మీద పెట్టింది. ఆమె ముడి విప్పక ముందే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. లుంగీ నాలుగు కొసలూ కలిపి, రొట్టెల మూటలా పైన ఒకే ముడి వేసే అలవాటు నేను ఒక్క మనిషి దగ్గరే చూశాను. ఒమన్‌లో, రుస్తాఖ్ క్యాంపులో, నా పక్క మంచం లచ్చన్న తన టేపురికార్డర్‌ను సరిగ్గా ఇలాగే కట్టి తలాపున పెట్టుకునేవాడు.

"నేను లచ్చన్న బిడ్డను కాకా, రాజవ్వను" అంది. "బాపు పోయి ఆర్నెల్లాయె గద. ట్రంకుపెట్టె తీస్తె ఇది ఎల్లింది. ఇగో, ఈ క్యాసెట్ గూడ. అమ్మ మాట్లాడి పంపిందట. అమ్మ గొంతు ఇనక పన్నెండేండ్లాయె. నువ్వు పాతయన్నీ బాగుచేస్తవంటే తెచ్చిన."

క్యాసెట్‌కు ఎర్రదారం కట్టి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను.

"దీన్ని కరాబు చేసింది కాదర్ కాకనట గద" అని ఆమె నవ్వింది. "మా ఇంట్ల ఎప్పుడూ అదే మాట. 'నీ పేరు కాదర్ పెట్టిండు బిడ్డా' అనేటోడు బాపు. ఆఫీసుల రాజవ్వ అని పిలిస్తే ఎవలో ముసలామె ఉన్నదనుకొని నా ఎనుకకు చూస్తరు. ఆ కాదర్ కాక ఎన్నడన్న దొరికితే అడగాలె, నా మీద నీకేం పగ ఉండె అని."

నేను నవ్వలేదు. రెండు రోజులాగి రమ్మన్నాను. ఆ పేరు కాదర్ పెట్టలేదు. మా క్యాంపులో పనిచేసి వచ్చినవాళ్లందరి ఇళ్లలో ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్న ఆ కథలో ఒక మనిషి పేరు తప్పు. ఆ తప్పు దిద్దడానికే ఇది రాస్తున్నాను. కానీ అది చెప్పాలంటే ముందు ఒక ఆట డబ్బా గురించి చెప్పాలి. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు సంబరమే ముందు వస్తుంది, సిగ్గు తర్వాత వస్తుంది. ఆ వరస తప్పని తెలుసు. అయినా వచ్చిన వరసలోనే రాస్తాను.

రుస్తాఖ్ అంటే మస్కట్ నుంచి బస్సులో రెండు గంటలు. వెనక బోడి కొండలు, ముందు ఖర్జూర తోటలు, మధ్యలో మా కంపెనీ కడుతున్న బడి, దాని పక్కన మా రేకుల క్యాంపు. ఒక్కో రూమ్‌లో ఎనిమిది మంచాలు. మా రూమ్‌కు ఎప్పుడూ ఒకే వాసన ఉండేది. ఎండుచేపలు, సిమెంటు పట్టిన తడిబట్టలు, నిమ్మకాయ పిండిన పప్పు, కాదర్ భాయ్ చెవిలో పెట్టుకునే అత్తరు దూది, అన్నీ కలిసిన వాసన అది. వంట వంతుల ప్రకారం సాగేది. లచ్చన్న వంతు నాడు పచ్చిపులుసు, కాదర్ వంతు నాడు కడప కారం. ఆ కారానికి మేం కళ్లు తుడుచుకుంటుంటే ఆయన "తినండప్పా, ఏసీ ఉండాది గదా" అనేవాడు. శుక్రవారం డ్యూటీ లేదు. పొద్దున్నే తోటల మధ్య పారే ఫలజ్ కాలువకు బట్టల మూటలతో పోయేవాళ్లం. కాదర్ జుమ్మా నమాజుకు పోయి వచ్చాక అందరం కలిసి తినేవాళ్లం. ఆ తర్వాత మెస్ హాల్‌లో వీడియో పెట్టేవారు.

అప్పట్లో ఉత్తరాలంటే మాలో సగం మందికి క్యాసెట్లే. లచ్చన్నకు గానీ ఆయన భార్యకు గానీ చదువు రాదు. ఆమె ఊళ్లో ఎవరి టేపురికార్డర్లోనో అరగంట మాట్లాడి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లే మనిషి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేది. రాయడం రాదు గనుక లచ్చన్న క్యాసెట్లకు దారాలు కట్టుకునేవాడు. ఎర్రదారమైతే భార్యది, తెల్లదారమైతే వాళ్ల నాయనది. వాటిని వినడానికి క్యాంపులో ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే ఒక పద్ధతి ఉండేది. నాయనదో తమ్ముడిదో అయితే గట్టిగా పెట్టేవారు, రూమ్ అంతా విని నవ్వేది. ఇల్లాలి గొంతు మాత్రం పదిమంది వినకూడదు. దాన్ని చెవిలో ఇయర్‌ఫోన్, మా మాటల్లో గుబిలి, పెట్టుకుని, మంచానికి అడ్డంగా దుప్పటి వేలాడదీసుకుని, ఒక్కడే వినాలి. ఎవరైనా అలా దుప్పటి వేలాడదీశాడంటే మిగతా వాళ్లం గొంతు తగ్గించేవాళ్లం. కొందరు లేచి బయటికి పోయేవారు. గుబిలి పెట్టుకునే రంధ్రమున్న సెట్టు మా క్యాంపు మొత్తంలో లచ్చన్నదొక్కటే. మిగతా వాళ్లు వంతులవారీగా అడిగి తీసుకునేవారు. ఇప్పుడు నేను బస్సెక్కితే పక్కవాడి భార్య ఏం కూర వండిందో, అత్తను ఏమందో వాడి ఫోన్‌లోంచి బస్సంతటికీ వినిపిస్తుంది. నేను మాత్రం అప్రయత్నంగా మొహం తిప్పుకుని బయటికి చూస్తాను.

కాదర్ కంపెనీ ఎలక్ట్రీషియన్. ముప్పై అయిదేళ్లు ఉంటాయి, లచ్చన్న ఈడువాడు. కడప జిల్లా ప్రొద్దుటూరు. ఆయన మంచం కింద చెప్పుల పెట్టెలో మీటరు, సోల్డరింగ్ కడ్డీ, రకరకాల చిన్న ముక్కలు ఉండేవి. డ్యూటీ అయ్యాక అందరి గడియారాలు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసేవాడు. ఊరికి పోయాక రిపేరు షాపు పెడతానని రోజూ చెప్పేవాడు. బోర్డు మీద అక్షరాలు ఏ రంగో కూడా అనుకున్నాడు. నేనేమో సిమెంటు బస్తాలు మోసే లేబర్. ఇరవై నాలుగేళ్లు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని, అడక్కుండానే దీపం పట్టుకునేవాణ్ణి. నెల గడిచాక కడ్డీ నా చేతికిచ్చాడు. నేను వేసిన అతుకులు చూసి, "ఏందప్పా ఇది, అప్పడాల పిండి ముద్దలు పెట్టినట్ట పెడ్తావు! సన్నగా, మెరస్తా ఉండాల" అనేవాడు. నా అతుకులు ఎప్పుడూ లావే.

ఒక సోమవారం, ఇంజినీరు ఖాళీ చేసి వెళ్లిన ఇల్లు ఊడ్చడానికి మమ్మల్ని పంపారు. చెత్తలో ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించింది. దానికి రెండు వైర్లు, వైర్ల చివర రెండు చేతిపిడులు, మధ్యలో ఒక గాడిలో ఇరికించిన పసుపుపచ్చ క్యాసెట్. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ అని ఫోర్‌మన్ చెప్పాడు. మస్కట్ దుకాణాల అద్దాల వెనక చూశాను గానీ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఫోర్‌మన్ కేరళ మనిషి, అందరితో హిందీలోనే మాట్లాడేవాడు. "జో చాలూ కరేగా, ఉస్‌కో మెయింటెనెన్స్‌మే లేగా" అన్నాడు నవ్వుతూ. దాన్ని నడిపించినవాణ్ణి మెయింటెనెన్స్ సెక్షన్‌కు తీసుకుంటానని. ఆయన తమాషాకు అన్నాడో నిజంగా అన్నాడో గానీ, నా భుజాలు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాయి. మెయింటెనెన్స్ అంటే బస్తాలుండవు. చేతిలో పెట్టె ఉంటుంది.

ఆ మూడు సాయంత్రాలు నా జీవితంలో మళ్లీ రాలేదు. సోమవారం కాదర్ డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "లోపల కాలలేదప్పా. కాలింది దీనికి కరెంటిచ్చే అడాప్టరు" అన్నాడు. జపాన్ సరుకది. వంద వోల్టుల అడాప్టరును ఎవరో తెలియక మన రెండువందల నలభైకి గుచ్చారు. అది చచ్చిపోయింది, డబ్బా చెత్తలోకి పోయింది. ఇంకో అడాప్టరు వెతికాం. వైరు కోసి అతికించే ముందు కాదర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మీటరు పెట్టి చూపించాడు. లోకంలో అన్నిటికీ పిన్ను లోపలివైపు ప్లస్ అయితే, దీనికి లోపల మైనస్. "చూసినావా? ఏ ముక్కైనా పెట్టే ముందర ప్లస్ యాడుండాది, మైనస్ యాడుండాది, అది చూడాల. చేతి పని తర్వాత, కంటి పని ముందు. ఉల్టా పెడితే పేల్తాది" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం నాకిప్పుడు కళ్ల ముందు కనిపిస్తుంది.

మంగళవారం మెస్ హాల్ టీవీకి తగిలించాం. చానెళ్ల మీట తిప్పుతూ పోతుంటే చుక్కల వాన, గరగర. ఒకచోట హఠాత్తుగా ఏదో ఆకారం తెలుపూ నలుపులో కనిపించి, పైకి జారిపోతూ, జారిపోతూ... "ఉంది! ఉంది! లోపల ప్రాణం ఉంది!" అని నేను అరిచిన అరుపుకు వంటవాడు గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. బొమ్మ నిలవదు, మాట రాదు. కాదర్ గడ్డం గీరుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత చిటికె వేశాడు. జపాన్ టీవీల చానెల్ లెక్క వేరు, మన టీవీల లెక్క వేరు. ఆ గుమ్మంలోంచి పోతే ఇది లోపలికి రాలేదు. అందుకని డబ్బా విప్పి, బొమ్మ బయల్దేరే చోటి నుంచే ఒక వైరు, శబ్దం బయల్దేరే చోటి నుంచి ఇంకో వైరు లాగి, వాటిని వీడియో ప్లేయరు వెనక రంధ్రాల్లో పెట్టాడు. స్విచ్ వేశాడు. రంగులు! నల్లటి ఆకాశం, నక్షత్రాలు, కింద బుల్లి తెల్ల విమానం. టింగు టింగుమని పాట. కాదర్ రెండు చేతులూ పైకెత్తి, "యా అల్లా" అని నన్ను కావిలించుకున్నాడు. ఆయన గడ్డం నా చెంపకు గుచ్చుకుంది.

ఇంకొక్క రోగం మిగిలింది. బొమ్మలో నల్లటి పట్టీలు అలల్లా పైకి ఎక్కుతున్నాయి, విమానం నీళ్లలో ఉన్నట్టు వణుకుతోంది. కాసేపటికి ఆగిపోతోంది. బుధవారం కాదర్ లోపల వేలు పెట్టి చూపించాడు. చిటికెన వేలంత నల్ల డబ్బా, నెత్తి ఉబ్బి ఉంది. కండెన్సర్ అంటారు దాన్ని. వచ్చే కరెంటులో ఎగుడుదిగుళ్లను సాపు చేయడం దాని పని. ఒమన్ ఎండకు లోపల ఎండిపోయింది. "వెయ్యి మైక్రోఫారడ్. నా దగ్గర ల్యా. రేపు స్టోర్ పని మీద ఘాలా పోతాండా గదా, ఆడ తెస్తా. శనివారం పెడదాం." అదే సాయంత్రం లచ్చన్న తన టేపురికార్డర్ తెచ్చి కాదర్ ముందు పెట్టాడు. "గొంతు ముద్దముద్దగ వస్తాంది కాదర్ భాయ్. నా ఇంటిదాని నెలలు నిండినయ్, ఏ దినమన్న క్యాసెట్ వస్తది." కాదర్ మూత తీసి, టేపు రాసుకుపోయే హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, అద్దంలా చేసి ఇచ్చాడు. మూత తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపల పక్కగా నిలబడి ఉన్న నీలి కండెన్సర్ మీద అక్షరాలు నాకు కనిపించాయి. వెయ్యి.

గురువారం పొద్దున్నే కాదర్ కంపెనీ బస్సులో మస్కట్ దగ్గరి ఘాలాకు వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఫోర్‌మన్ నన్ను చూసి "కల్ దిఖాయేగా క్యా?" అన్నాడు, రేపు చూపిస్తావా అని. శనివారం అంటే సరిపోయేది. నేను "దిఖాతా సాబ్" అన్నాను. శనివారం దాకా ఆగితే నడిపించింది కాదర్ అవుతాడు. అతను ఇప్పటికే ఎలక్ట్రీషియన్, అతనికేం అవసరం అని నాకు నేనే చెప్పుకున్నాను. శుక్రవారం పొద్దున లచ్చన్న బట్టల మూటతో ఫలజ్‌కు పోయాడు. రూమ్‌లో ఎవరూ లేరు. లుంగీ ముడి విప్పాను. నీలిది తీసి ఆట డబ్బాలో పెట్టాను. లచ్చన్న సెట్టు ఖాళీగా ఉండకూడదు గనుక, ఉబ్బిన నల్లదాన్ని అందులో పెట్టాను. రెండు రోజులు కొద్దిగా గుయ్యిమంటుంది, కాదర్ కొత్తది తేగానే మార్చేస్తా, ఎవరికీ తెలియదు. అదీ నా లెక్క. ఆట డబ్బాలో పెట్టేటప్పుడు ప్లస్ మైనస్ రెండుసార్లు చూశాను. లచ్చన్నదాంట్లో పెట్టేటప్పుడు బయట చెప్పుల చప్పుడైంది. చూడలేదు.

మధ్యాహ్నం మెస్ హాల్లో డెబ్బై మంది. స్విచ్ వేశాను. పట్టీలు లేవు, వణుకు లేదు. బుల్లి విమానం గాజులా నిలబడింది. ఒక్కసారిగా ఈలలు! మొదట ఫోర్‌మన్ ఆడాడు, మూడు నిమిషాల్లో చచ్చాడు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, పాకిస్తానీ డ్రైవర్లు వరస కట్టారు. మీట నొక్కేటప్పుడు విమానంతో పాటు వాళ్లూ పక్కకు ఒరిగేవారు. లచ్చన్న అయితే చేతిపిడిని నాగలి మేడిలా పట్టుకుని, "ఆగు ఆగు నీ యవ్వ, నన్నే కొడ్తవా!" అని శత్రువుల మీద కేకలు వేస్తుంటే అందరం పొట్టలు పట్టుకున్నాం. "సత్తయ్యా, నువ్వు ఇంజినీరువురా!" అని నా వీపు మీద చరిచాడు. ఫోర్‌మన్ నా వైపు బొటనవేలెత్తాడు. నేను నేల మీద లేను.

అప్పుడే ఊరి నుంచి సెలవు ముగించుకుని వచ్చిన మా పక్క రూమ్ మల్లేశం బ్యాగుతోనే హాల్లోకి వచ్చి, "లచ్చన్నా, ఆడపిల్ల! తల్లీపిల్లా మంచిగున్నరు. ఇగో క్యాసెట్" అన్నాడు. లచ్చన్న చేతిపిడి పడేసి, జేబులోంచి ఎర్రదారం తీస్తూనే రూమ్‌కు పరిగెత్తాడు. ఆ అరుపుల మధ్య నాకు తట్టనే లేదు. అయిదు నిమిషాలకు, ఆటలో విమానం పేలిన శబ్దం కాని శబ్దం ఒకటి గోడ అవతల వినిపించింది. టప్.

పరిగెత్తి వెళ్లేసరికి దుప్పటి చాటున పొగ. సెట్టు పక్కల చీలికల్లోంచి కాగితం పీచు బయటికి వచ్చింది. లచ్చన్న చెవిలో గుబిలి అలాగే ఉంది. "గొంతు పట్టిందిరా సత్తయ్యా... 'ఇంటున్నవా' అన్నది. గంతే" అన్నాడు. సెల్స్ వేసి చూశాం, పలకలేదు. మెస్ హాల్ సెట్టులో పెట్టుకొమ్మని ఎవరో అంటే, "నా పెండ్లాం మాటలు డెబ్బై మంది ఇనాల్నా?" అని వాడి మీదికి పోయాడు. ఎవరో అన్నారు, "మొన్న కాదర్ విప్పిండు గదా?" నేనక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు.

శనివారం కాదర్ బస్సు దిగి నేరుగా రూమ్‌కు వచ్చాడు. జేబులో రెండు కండెన్సర్లు. "ఒకటి పోతే ఇంకోటి ఉంటాదని రెండు తెచ్చినా" అంటూ లోపలికి అడుగుపెట్టాడు. లచ్చన్న లేచాడు.

"ఏం చేసినవ్ కాదర్ నా డబ్బను?"

"ఏమైందప్పా?"

"పేలింది. నువ్వే గద విప్పినవ్. నీకు రాకపోతే రాదని చెప్పాలె."

"యాడ, చూడనీ. నిమిషం చూడనీ లచ్చన్నా."

"ముట్టకు. ఒక్కపారి ముట్టింది చాలు." లచ్చన్న దాన్ని లుంగీలో మూటగట్టి ట్రంకులో పెట్టి తాళం వేశాడు.

కాదర్ తన చేతుల వైపు చూసుకున్నాడు. నిజంగా చూసుకున్నాడు, తిప్పి తిప్పి. "స్క్రూడ్రైవరు ఏమైనా తగిలిందేమో" అని తనలో తను అన్నాడు. తర్వాత నన్ను ఆట డబ్బాకు కండెన్సర్ ఎక్కడిదని అడిగాడు. పాత స్టెబిలైజరులోంచి తీశానన్నాను. "సభాష్" అన్నాడు, నా తల నిమిరాడు. తెచ్చిన రెండూ నా చేతిలో పెట్టాడు. ఆ తాళం తీయించి, ఒక్క మాట చెప్పి, వాటిలో ఒకటి ఇస్తే పావుగంటలో లచ్చన్న తన భార్య గొంతు వినేవాడు. ఆ వారమే నన్ను మెయింటెనెన్స్‌కు మార్చారు. ఆ పావుగంట నేను ఇవ్వలేదు.

నెలాఖరు శుక్రవారం కంపెనీ బస్సులో లచ్చన్న మస్కట్ వెళ్లి, తెలిసినవాళ్ల సెట్టులో క్యాసెట్ విని వచ్చాడు. అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మామ, అంటే లచ్చన్న నాయన, బిడ్డకు తన తల్లి పేరు రాజవ్వ అని పెడతానంటున్నాడట. భార్య వేరే పేరు అనుకుందట. మామకు ఎదురు చెప్పలేను, నువ్వు ఇరవై ఒకటో దినం లోపల ఫోన్ చేసి ఒక మాట చెప్పు, నీ మాటైతే వింటాడు అని ఆమె అడిగిందట. ఇరవై ఒకటో దినం దాటి వారం దాటింది. "మరి ఏం పేరు పెట్టిన్రు?" అని మల్లేశం అడిగాడు. "రాజవ్వ." "ఎవలు పెట్టిన్రు?" లచ్చన్న ముద్ద కలుపుతూ, "ఎవలు పెడ్తరు. కాదర్ పెట్టిండు" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. కాదర్ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరి గడియారమూ తీసుకోలేదు. "నాకు రాదప్పా" అనేవాడు. చెప్పుల పెట్టె నాకిచ్చేశాడు. రెండు నెలల్లో అడిగి మరీ రైసూత్ సైట్‌కు బదిలీ చేయించుకున్నాడు. ఒమన్‌కు ఇటు కొస నుంచి అటు కొసకు, ఒక పగలంతా ప్రయాణం. క్యాంపు మూసేసినప్పుడు ఆట డబ్బా నాకు వచ్చింది. ఊళ్లో షాపు పెట్టాను. బోర్డు అక్షరాలకు నాకు తోచిన రంగు ఒక్కటే, కాదర్ అనుకున్నది.

రాజవ్వ వెళ్లాక సెట్టు విప్పాను. ముప్పై ఏళ్ల దుమ్ము కింద, ఉబ్బి చీలిన నల్ల కండెన్సర్. మైనస్‌కు గుర్తుగా దాని పక్కనుండే తెల్లగీత ఉండకూడని వైపు ఉంది. కింద రెండు లావుపాటి అతుకులు, అప్పడాల పిండి ముద్దల్లా. లచ్చన్న దాన్ని ఎవరికీ చూపించలేదు. చూపించి ఉంటే, అతుకులు చూసి కాదర్ అయినా, నేర్చిన ఎవరైనా చెప్పేవారు. పాత క్యాంపువాళ్ల ఫోన్ గ్రూపులో అడిగి కాదర్ నంబరు సంపాదించాను. ప్రొద్దుటూరులో అరటికాయల వ్యాపారమట. రిపేరు షాపు పెట్టనేలేదట.

ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆపకుండా చెప్పాను. అవతల లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"గీత యాపక్క పెట్టినావు?" అన్నాడు చివరికి.

"ప్లస్ పక్క."

"నేను హెడ్డు తుడిచేటప్పుడు కాదు గదా?"

"కాదు భాయ్. నువ్వు తుడిచింది ఇప్పటికీ మెరుస్తోంది."

 తర్వాత అన్నాడు: "దాన్ని ముట్టుకోవద్దు. నేనొస్తాండా."

మర్నాడు రాజవ్వ వస్తే ఆమెకూ చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుని విన్నది. "బాపుకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "ఆర్నెల్ల కింద దాక ఉండె గద కాకా. నడిచి పోతే పావుగంట ఇల్లు" అంది.  మళ్లీ ఆ పావుగంటే.

ఆదివారం పొద్దున కాదర్ బస్సు దిగాడు. గడ్డం తెల్లబడింది, చెవిలో అత్తరు దూది అలాగే ఉంది. షాపు ముందు నిలబడి బోర్డు వైపు కాసేపు చూశాడు. "చెంప పగలగొట్టాల అని బస్సెక్కినా" అన్నాడు. "రాత్రంతా అదే అనుకుంటా వచ్చినా." అని లోపలికి వచ్చాడు. బల్ల మీద విప్పిన సెట్టు కనిపించగానే ఆయన మొహం మారిపోయింది. కుర్చీ లాక్కుని, కళ్లద్దాలు మార్చుకుని, "లైటు ఇట్ల పట్టు" అన్నాడు. నేను లైటు పట్టాను. మొదటి అతుకు దగ్గర ఆగాడు. టీ అడిగాడు, తాగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నా ముద్దలు రెండూ కరిగించి తీసి, కొత్త కండెన్సర్ గీత చూసి, నాకూ చూపించి పెట్టాడు. కరిగి జిగురైపోయిన రబ్బరు బెల్టు మార్చాడు. క్యాసెట్‌లో టేపును అదిమిపట్టే దూదిముక్క ఊడిపోతే అంటించాడు. ఆ అతుకులు సన్నగా, మెరుస్తూ ఉన్నాయి. మధ్యలో నా అద్దాల బీరువాలో ఉన్న ఎరుపూ తెలుపూ డబ్బాను చూసి, "ఇదింకా ఉండాదా! నడుస్తాందా?" అని చిన్నపిల్లాడిలా లేచి దాని దగ్గరికి పోయాడు. నడుస్తోందంటే, "నా వైర్లేనా?" అన్నాడు. ఆయన వైర్లే.

రాజవ్వ వచ్చింది. కాదర్ క్యాసెట్ పెట్టి, గుబిలి ఆమె చేతికిచ్చి, మీట చూపించాడు. నేను అక్కడే నిలబడి ఉంటే నా రెక్క పట్టుకుని బయటికి లాగాడు. "రాప్పా, అది ఆడమనిషి క్యాసెట్" అన్నాడు. షట్టరు సగం దించి, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. వెనక్కి తిరిగి చూడలేదు.

చాలాసేపటికి ఆమె షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. "అమ్మ అనుకున్న పేరు మస్తుగున్నది" అంది.

"మాకు చెప్పొద్దు తల్లీ. అది మీ ఇంటి మాట" అన్నాడు కాదర్.

"నా పేరు నువ్వు పెట్టలేదని ఇయ్యాల్టి సంది మా ఇంట్ల చెప్తా కాకా."

"మరి ఎవరు పెట్టినారని చెప్తావు?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో ఇంకా క్షమ లేదు. "సత్తయ్య కాక పెట్టిండని."

"చెప్పు" అన్నాను.

లోపల టేపు చివరిదాకా తిరిగి, మీట దానంతటదే పైకి లేచింది. టక్. కాదర్ గభాలున తల తిప్పాడు. "విన్నావా?" అని నా మోకాలి మీద గట్టిగా కొట్టాడు. "తనే ఆగింది! అది కూడా పనిచేస్తాందప్పా!"